సెల్యూట్‌కు లేవని చెయ్యి

1978 జూన్‌లో మదనపల్లెలో దిగాను. ఉదయం ఆరుంబావు. బస్సు దిగగానే చల్లగాలి కొట్టింది. జూన్‌లో అలాంటి గాలి మా ఒంగోలు వైపు ఎరగం. చేతిలో ఇనప్పెట్టె, భుజాన పరుపుచుట్ట, జేబులో ఆర్డరు కాగితం. కాలేజీ క్యాడెట్లకు డ్రిల్ నేర్పే యూనిట్‌లో మూడేళ్ల డ్యూటీ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చూసుకోవాలి. నేను హవల్దార్‌ని. వయసు నలభై.

మీరంతా సరిహద్దు కబుర్లు అడుగుతారు. అక్కడ పదిహేనేళ్లున్నాను, ఒంటిమీద గీత పడలేదు. నన్ను ఓడించబోయింది నా కుడి భుజమే.

రెండో ఏడు నవంబరులో మొదలైంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. చొక్కా తొడుక్కుంటుంటే భుజంలో సూది దిగినట్టయింది. నెల తిరిగేసరికి ఆ పక్కకు ఒత్తిగిల్లలేకపోయాను. జనవరికి చెయ్యి ఛాతీ దాటి లేవడం మానేసింది. ఒకరోజు పెరేడ్‌లో, మా పై అధికారి సుబేదార్ సాబ్ ఎదుట, సెల్యూట్ సగంలో ఆగిపోయింది. ఆయనది కుప్పం. పెరేడ్ అయ్యాక షెడ్డు వెనక్కి పిలిచాడు.

"సెయ్యి యాల లేయలేదప్పా?"

"పట్టేసింది సాబ్. రెండు నెలలైంది."

"రెండు నెల్లు నొప్పి దాసిపెట్టుకోని ఉండావా? రేపట్నించి నా ముందర సెల్యూట్ వద్దు, సావధాన్‌లో నిలబడు, సాలు. ఎవురన్నా అడిగితే నా ఆర్డరని సెప్పు."

నా గదిలో ఉండేది మా జీపు డ్రైవర్, ర్యాంకు నాయక్. పుంగనూరు మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. రోజూ నాలుగున్నరకు లేచి నాకు చొక్కా తొడిగేవాడు. ముందు నొప్పి చెయ్యి, తర్వాత మంచి చెయ్యి. బెల్టు బిగించేవాడు. తల దువ్వేవాడు. ఒక ఆదివారం తనకు తెలిసిన, ఎముకలకు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన చెయ్యి పట్టి ఒక్కసారి గుంజాడు. నా అరుపుకు వీధి పిల్లలు పోగయ్యారు. వారం రోజులు అన్నం ఎడంచేత్తో తిన్నాను. ఆ ఆదివారం సాయంత్రం డ్రైవర్ రొట్టె ముట్టలేదు.

"నా వల్లే అన్నా," అన్నాడు. మరుసటి ఉదయమే జీపెక్కించి మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ కీళ్లకు వ్యాయామం చేయించే సిస్టరమ్మ ఉండేది. భుజం తడిమి, "గుంజినోడెవుడు?" అంది. తను కాకపోయినా డ్రైవర్ చెయ్యెత్తాడు.

"ఇది ఇరగలేదు, తొలగలేదు. కీలు సుట్టూ ఉండే పొర బిగుసుకోని ఉండాది. గుంజితే ఇంకా మొండికేస్తాది. బుజ్జగించల్ల. ఏడాది పట్టినా పడతాది."

నాకు ఏడాది లేదు. ఎనిమిది నెలల్లో బెంగుళూరులో మెడికల్ బోర్డు. అక్కడ చెయ్యి లేవకపోతే ఇంటికి పంపేస్తారు.

ఆమె చెప్పినట్టే చేశాను. పొద్దున వేడినీళ్ల గుడ్డతో పది నిమిషాల కాపడం. తర్వాత ముందుకు వంగి, ఎడంచెయ్యి బల్లమీద ఆనించి, కుడిచేతిని బావి బొక్కెనలా వేలాడదీసి ఊపడం. తర్వాత గోడ. వేళ్లు చీమల్లా పైకి పాకించాలి. ఆగిన చోట డ్రైవర్ పెన్సిలుతో గీత పెట్టేవాడు. కొన్ని వారాలు గీతమీదే గీత పడింది.

ఏప్రిల్‌లో కుప్పం క్యాంపు. పది రోజులు గుడారాల్లో. ఎండ మండిపోయేది. క్యాడెట్లకు వైర్‌లెస్ నేర్పుతుంటే గుట్ట అవతలి సెట్టు నుంచి సుబేదార్ సాబ్ గొంతు వచ్చింది.

"సెయ్యి యాడిదాకా వచ్చె? ఓవర్."

"గడ్డం దాకా సాబ్. ఓవర్."

"ఇంగ సెవి ఉండాది, టోపీ ఉండాది. తొందర పడొద్దు. ఓవర్."

క్యాడెట్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆర్నెల్లలో అదే మొదటిసారి.

శనివారాలు పుంగనూరులో డ్రిల్. అక్కడ మా టీకి పాలు పోసే మునెమ్మకు యాభై ఏళ్లుంటాయి. ఒకరోజు ఆమె పాలక్యాను ఎడంచేత్తోనే దించడం చూశాను. కుడిచెయ్యి పక్కకు అంటుకుని ఉంది. అలాంటి చేతిని నేను మైలు దూరం నుంచి గుర్తుపడతాను.

"ఎప్పట్నించమ్మా?"

"ఉగాదికి ముందునించప్పా. కొప్పు ముడేసుకోలేను. కోడలికి తీరినప్పుడు ఏస్తాది. లేనినాడు ఇట్లే ఇరబోసుకోని వస్తాండాను. సిగ్గుగా ఉండాది."

కాపడం చెప్పాను. ఊపడం చూపించాను. గోడ దగ్గర నిలబెట్టి లెక్కపెట్టాను. "ఒకటి! రెండు! ఆగు! నొప్పి దగ్గర ఆగు, దాటొద్దు!" ఆమె క్యాడెట్లకన్నా శ్రద్ధగా చేసేది. చాలా శనివారాలు ఇద్దరం ఒకే గోడకు వేళ్లు పాకించాం.

సెప్టెంబరులో బోర్డు. ముగ్గురు డాక్టర్లు. చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. భుజం కలుక్కుమంది, కానీ వేళ్లు టోపీ అంచును తాకాయి. పాసన్నారు. తిరిగొచ్చి సుబేదార్ సాబ్‌కు సెల్యూట్ కొట్టాను. ఆయన జవాబు సెల్యూట్ చేసి, ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.

1981 జూన్‌లో డ్యూటీ ముగిసింది. కుప్పంలో రైలెక్కాలి. డ్రైవరే జీపు నడిపాడు. పుంగనూరు దాటుతుంటే ఉదయం ఏడయింది. రోడ్డు పక్క ఇంటి ముందు మునెమ్మ తలంటుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూడలేదు. డ్రైవర్ హారన్ కొట్టబోతే వద్దన్నాను. ఆమె రెండు చేతులూ తల వెనక్కి ఎత్తింది. తడి జుట్టు మెలిపెట్టి, తీరిగ్గా కొప్పు ముడేసుకుంది.