వెనక ఎడమ మూల ప్లేటు

మా మేనత్తను వీధిలో అందరూ ‘ఛీ అత్త’ అంటారు. ఆమె ఎదుట మాత్రం అనరు. గోడలకు స్పీకర్ ప్లేట్లు బిగించడం ఆమె పని. పెద్ద టీవీ పెట్టి, గది నాలుగు మూలలా స్పీకర్లు పెట్టుకునే ఇళ్లలో వైర్లు నేల మీద పాకకుండా గోడ లోపలి నుంచి తెచ్చి, చివర అరచేయంత ప్లేటు బిగిస్తారు. దాని మీద తిప్పి బిగించే బిరడాలు రెండు, ఎర్రదొకటి, నల్లదొకటి. స్పీకర్ వైరు వాటికి తగిలిస్తే పాట వస్తుంది. పైకి కనబడేది అంతే. లోపల ఏముంటుందో అత్తకు తెలుసు. మూడేళ్లుగా ఆమె వెంట తిరుగుతున్నాను గనుక నాకూ తెలుసు.

లోపల బొద్దింక పెంకులుంటాయి. బల్లి గుడ్లుంటాయి. నమిలి అంటించిన బబుల్‌గమ్, సిగరెట్ పీకలు, రంగులవాళ్లు చేతులు తుడిచి కుక్కేసిన గుడ్డలుంటాయి. ఒక ఇంట్లో చిట్టెలుక ఎండి తోలుముక్కలా వైరుకు అంటుకుపోయి ఉంది. ఆ ఇల్లంతా అగరు వాసన, అద్దాల బీరువాలు. అత్త ప్లేటు ఊడదీసి, టార్చి వేసి, ముక్కు ముడిచి “ఛీ” అంటుంది. మురికి కనబడితే పొట్టి ఛీ. చెత్త పని కనబడితే, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తొంగిచూసేంత పొడుగు ఛీ.

మూసేముందు ఇంటివాళ్లను పిలిచి, ప్లేటు వెనక గోడలో ఉండే డబ్బా లోపల చూపించడం ఆమె పద్ధతి. చాలామంది చీర కొంగో చేతి రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుని, “అబ్బ, మాకెందుకమ్మా చూపిస్తావ్? మూసెయ్” అంటారు.

“మీ గోడలోదే కదమ్మా. మీకే రోతైతే నాకు సుగంధమా?” అంటుంది అత్త.

ఆమెకు ముప్పై ఐదేళ్లప్పుడు మా మామయ్య ఇంకో ఆవిడతో వెళ్లిపోయాడు. అప్పుడు మా నాన్న, అంటే ఆమె అన్న, “ఏడ్చింది చాల్లే, ఈ వైరు కొస పట్టుకో” అని తన పనిలోకి తీసుకెళ్లాడు. ఆమెకు వచ్చిన పనంతా ఆయన నేర్పిందే. తర్వాత మోకాళ్లు అరిగి నాన్న నిచ్చెన దిగి, సామాన్ల కొట్లో కూర్చున్నాడు. నిచ్చెన ఆమెకు వచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచాన పడితే బడి మానేశాను. అమ్మ లేచి తిరిగేసరికి నా తోటివాళ్లు పైతరగతికి వెళ్లిపోయారు. చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గేసి మళ్లీ వెళ్లలేదు. “బెల్లం కొట్టిన రాయిలా ఇంట్లో ఎందుకే? వచ్చి నిచ్చెన పట్టుకో” అంది అత్త. పట్టుకున్నాను. మాట్లాడాల్సినవన్నీ ఆమె మాట్లాడుతుంది కాబట్టి ఆ పని నాకు హాయిగా ఉంది.

మొన్న ఒక ఇంటికి వెళ్లాం. గదికి కొత్త రంగు వేయించారు. పాత ప్లేట్లు పసుపెక్కి ఉన్నాయి. “కొత్తవి మార్చండి చాలు. సాయంత్రం మనుషులొస్తారు, గోడలు తవ్వే పని పెట్టకండి” అంది ఆ ఇంటి కోడలు. గదిలో వెనక ఎడమ మూల కుర్చీలో వాళ్ల మామగారు కూర్చుని ఉన్నారు. ఆయన చెవి మిషన్ పక్క బల్ల మీద ఉంది.

“మామయ్యా! కుర్చీ జరపాలి!” అని ఆమె అరిచింది. గోడ అవతల ఉన్నవాడికి చెప్పినంత గట్టిగా అరిచింది.

“ఆఁ? సరే సరే” అని ఆయన కుర్చీతో పాటు నా దగ్గరికి జరిగారు. మిషన్ పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప ఏమీ రాదట, అందుకే తీసేస్తారట. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవారట. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, విప్పకుండానే జబ్బేమిటో చెప్పేసేవారట. ఇవన్నీ ఆయనే చెప్పారు, నేను అడక్కుండా. నా మొహం చూస్తే మనుషులకు ఎందుకో చెప్పాలనిపిస్తుంది.

“నాలుగేళ్ల కిందట మావాడు ఇదంతా పెట్టించాడు తల్లీ. మూడు మూలలా పాట వచ్చింది, నా ఎడమ పక్క మాత్రం రాలేదు. బిగించినాయనకు ఫోన్ చేశాను. స్పీకర్ బాగానే ఉంది సార్, వయసు పైబడితే ముందు ఒక చెవి పోతుంది అన్నాడు. మావాడు కొట్లోంచి ఈ మిషన్ తెచ్చిపెట్టాడు. ఆ రోజే పనిముట్ల పెట్టె మూసేశాను. టిక్కు వినబడనివాడు గడియారం ముట్టుకోకూడదు కదా.”

“మరి గడియారం పెట్టుకుని చూసుకోలేదా తాతయ్యగారూ?” అని మెల్లిగా అడిగాను.

“భయమేసిందమ్మా” అన్నారాయన. నేను అంత మెల్లిగా అడిగింది ఆయనకు వినబడిందని నాకు తర్వాత తట్టింది.

మూడు మూలలా ప్లేట్లు మార్చాం. మూడు పొట్టి ఛీలు అయ్యాయి. వెనక ఎడమ మూల ప్లేటు మరలు తీసినా ఊడలేదు. చుట్టూ జిగురు పెట్టి అంటించారు. అత్త స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించింది. ప్లేటు వెనక జానెడు వైరు ముక్క వేలాడుతోంది. అది ఎక్కడికీ పోలేదు. డబ్బా నిండా పాత పేపరు ఉండలు, వాటిలో బొద్దింకలు పెట్టిన గూడు. గోడలో వైరు రావాల్సిన పైపు మూతికి సిమెంటు గడ్డకట్టి ఉంది. అంటే టీవీ నుంచి ఈ మూలకు వైరే రాలేదు. పైన పటారం, లోన లొటారం. ప్లేటు ఉంది, బిరడాలు ఉన్నాయి, వాటికి స్పీకర్ కూడా తగిలించి ఉంది.

నేను పొడుగు ఛీ కోసం ఎదురుచూశాను. అది రాలేదు. అత్త ఆ వైరు ముక్క కొసనున్న నల్ల టేపును చూస్తోంది. నేనూ చూశాను. కత్తెరతో కోసింది కాదు, పళ్లతో కొరికింది. కొరికిన అంచు మీద గాట్లు, నడుమ ఒక పన్నంత ఖాళీ. మా ఇంట్లో ప్రతి వైరు మీదా ఉండే గాట్లే. మా నాన్నకు ముందు పన్ను విరిగి చాలా ఏళ్లయింది.

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎలుకను చూసినప్పుడు కూడా అలా తిప్పుకోలేదు.

“ఏమైంది?” అంది కోడలు, గుమ్మంలోంచే.

“వైరు రాలేదమ్మా. గోడ తవ్వాలి.”

“అమ్మో, ఇప్పుడా! కొత్త రంగు! మూసేయండి. ఆయనకెలాగూ వినబడదు కదా.”

అత్త ఆమె వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నా కళ్లలో ఏం వెతికిందో తెలియదు. ఆ వైరు ముక్కను పేపరు ఉండల్లోకి తోసి, కొత్త ప్లేటు పెట్టి, మర చేతిలోకి తీసుకుంది. మర బిగుస్తున్న చప్పుడు విన్నాను. ఒక చుట్టు. రెండో చుట్టు. ఇంటివాళ్లను పిలవకుండా ఆమె డబ్బా మూయడం అదే మొదటిసారి. ఇక ఈ తాతయ్యగారు చనిపోయేదాకా చెవిటివాడిగానే ఉండిపోతారు.

“ఛీ” అన్నాను.

అది ఎంత గట్టిగా వచ్చిందో నాకే తెలియలేదు. అత్త చేయి ఆగిపోయింది.

“ఏంటమ్మా? ఎవర్ని ఛీ అన్నావు?” అన్నారు తాతయ్యగారు, వెనక్కి తిరక్కుండానే.

అత్త ఆ మర ఊడదీసింది. సంచిలోంచి టార్చి బ్యాటరీ తీసి, స్పీకర్ నుంచి వచ్చే వైరు కొసలకు ఆనించింది. బ్యాటరీ తగిలితే స్పీకర్ టక్కుమంటుంది. మేం స్పీకర్లను పరీక్షించేది అలాగే.

టక్.

“ఏంటా చప్పుడు?”

“ఏ పక్క వినబడింది బాబాయిగారూ?”

“ఎడమ పక్క. వెనకాల.” ఆయన చెయ్యి మెల్లిగా చెవి మీదికి వెళ్లింది. బల్ల మీద మిషన్ అలాగే పడుంది.

అత్త ఆయన్ని దగ్గరికి పిలిచి అంతా చూపించింది, బొద్దింక గూడుతో సహా. “మీ చెవికేం కాలేదు. వైరే లేదు. ఇది మా అన్నయ్య పని. రేపు పొద్దున ఆయనే వచ్చి గోడ తవ్వుతాడు” అంది. కోడలు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన లోపలికి వెళ్లి ఒక పాత గడియారం తెచ్చి, కీ ఇచ్చి, ఎడమ చెవికి పెట్టుకున్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “నాలుగేళ్లు” అని మాత్రం అన్నారు.

ఇంటికి రాగానే అత్త ఆ వైరు ముక్కను నాన్న చదువుతున్న పేపరు మీద పడేసింది.

నాన్న దాన్ని ముట్టుకోలేదు. “పైపులో సిమెంటు పడిందే. చీకటి పడుతోంది, తర్వాత వద్దామనుకున్నా.”

“నాలుగేళ్లూ చీకటే పడిందా అన్నయ్యా? పోనీ పని ఎగ్గొట్టావు. ఆయన్ని చెవిటివాణ్ణి ఎందుకు చేశావు?”

“ఫోన్ చేశాడు. నోటికొచ్చింది చెప్పాను.”

“నేనీ పని ఈ చేతి దగ్గర నేర్చుకున్నానా, ఛీ” అంది అత్త. ఆ ఛీ పొట్టిది కాదు, పొడుగుదీ కాదు. అలాంటి ఛీ ఆమె నోట ఇంకెవరూ అనిపించుకోకూడదు. ఆ పూట నాన్న పక్కన కూర్చుని నేను తినలేకపోయాను. ఆయన పళ్ల వంక చూడలేకపోయాను.

పొద్దున్నే ముగ్గురం వెళ్లాం. నాన్న ఉలి, సుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. తాతయ్యగారు వచ్చి గేటు తీశారు. మిషన్ లేదు. చొక్కా జేబులో గడియారం మాత్రం ఉంది.

“తప్పయిపోయింది సార్” అన్నాడు నాన్న, నేల చూస్తూ, గొంతులోనే.

ఆయన ఎడమ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. “ఆఁ?”

“తప్పయిపోయింది సార్.”

“వినబడలేదయ్యా. వయసు పైబడింది కదా. గట్టిగా చెప్పు.”

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కోడలు మేడమీంచి తొంగిచూసింది.   మూడోసారి నాన్న తలెత్తి, వీధి ఆ చివరిదాకా వినబడేలా చెప్పాడు.

“ఇప్పుడు వినబడింది” అన్నారాయన. “పద, తవ్వు.”