కదలనన్న ఆర్చీ

ఆర్చీ మా పక్కింటి డొరొతమ్మకి తాత. వందేళ్ల కిందట కెనడాలోని మా ఈ గ్వెల్ఫ్ ఊళ్లోనే, ఇనప పొయ్యిలు పోతపోసే ఫ్యాక్టరీలో వాటికి పాలిష్ పట్టేవాడు. చేతులెప్పుడూ మసే. పిల్లనిమ్మని అడగడానికి కూడా ఆ చేతులతోనే వెళ్లాడట. ఇచ్చారు మరి!

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, సైకిల్. పందెం సైకిల్ అంటే మనం బజారుకి తొక్కేది కాదు. దానికి బ్రేకుండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలూ తిరుగుతూనే ఉంటుంది, కాలికి విశ్రాంతి లేదు. చుట్టుపక్కల ఊళ్ల తిరనాళ్లలో పందేలన్నీ గెలిచి, చివరికి ఒలింపిక్స్‌కి ఓడెక్కాడు.

ఫైనల్లో మిగిలింది ఇద్దరు. ముందు పోయేవాడు ఎదురుగాలికి అలసిపోతాడు. వెనకవాడు వాడి చాటున దాక్కుని చివర్లో దూకుతాడు. అందుకని ముందు పోవడానికి ఇద్దరికీ ఇష్టం లేదు. మలుపు దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. కాలు కింద పెట్టకుండా, పడిపోకుండా, సైకిల్ మీదే బొమ్మల్లా నిలబడ్డారు. జనం ఈలలు. పందెం నడిపే కోటు పెద్దమనిషి ఒకడు పరిగెత్తుకొచ్చాడు.

"కదులు! పందేనికిచ్చిన టైం దాటిపోతోంది!"

"వాణ్ణి కదలమను," అన్నాడు ఆర్చీ.

"పందెం రద్దు చేస్తా!"

"చేసుకో. నేను ఓడిపోయానని మాత్రం రాయలేవు."

రద్దే చేశారు. ఇద్దరికీ పతకం లేదు.

తిరిగొస్తే ఊరు ఊరుకుంటుందా? "సముద్రం దాటి వెళ్లి నిలబడొచ్చావా ఆర్చీ?" అని ఫ్యాక్టరీలో ఒకటే ఎగతాళి. "అవును. ఏదీ, నువ్వోసారి నిలబడు," అని సైకిల్ చేతికిచ్చేవాడట. ఎక్కినవాడల్లా బోర్లా పడ్డాడు. డెబ్బై దాటాక కూడా కూరగాయలకి అదే సైకిల్ మీద వెళ్లేవాడు. ఎర్ర లైటు పడితే కాలు దించకుండా నిలబడేవాడు. ఓడిపోయానన్న మాట ఆ నోట రాకుండానే పోయాడు.

ఇప్పుడు మా వీధి చివర ఐస్ స్కేటింగ్ హాల్లో ఊరి ఆటగాళ్ల పేర్లతో ఇత్తడి బోర్డు పెడుతున్నారు. అందులో ఆర్చీ పేరు లేదు. ఎనభై ఆరేళ్ల డొరొతమ్మ వాకర్ తోసుకుంటూ వెళ్లి అడిగింది. చూద్దామన్నారు. మళ్లీ వెళ్లేటప్పుడు నేనూ బయల్దేరాను, ఇంగ్లీషు చెప్పడానికి మా మనవరాలు ధాత్రిని వెంటేసుకుని.

బోర్డు పని చూసేది టై కట్టుకున్న ఒకాయన. "పేరు పక్కన ఎన్నో స్థానమో వెయ్యాలి కదా మేడమ్. ఆయనకి అసలు ఫలితమే లేదు. కావాలంటే వెనక గోడ మీద 'పాల్గొన్నవారు' అని చిన్న రేకు పెడతాం," అన్నాడు.

డొరొతమ్మ మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది.

"పాల్గొనడానికి అదేమన్నా పేరంటమా? చెప్పవే ధాత్రీ."

"అమ్మమ్మా, పేరంటాన్ని ఇంగ్లీష్‌లో ఏమంటారు?"

"నువ్వూ నీ చదువూ!" అని శాలువా పరిచి ఆయన గది గుమ్మంలోనే కూర్చున్నాను. మా ఊళ్లో మంచినీళ్ల కుళాయి కోసం నడి ఎండలో బైఠాయించినదాన్ని, ఈ చల్లటి హాలు నాకో లెక్కా? డొరొతమ్మ నన్ను చూసింది. మోకాళ్లు వంగవు కనక వాకర్ సీటు మీదే నా పక్కన కూర్చుంది.

"లే అమ్మమ్మా, ప్లీజ్! సెక్యూరిటీని పిలుస్తారు!"

"పిలవనీ. కుర్చీ తెచ్చుకుని రమ్మను."

స్కేట్స్ వేసుకున్న పిల్లలు మమ్మల్ని చూడ్డానికి గుంపు కట్టారు. వాళ్ల వెనక తల్లులు. టై ఆయన చెమటలు తుడుచుకున్నాడు.

"మీరు కదిలితేనే కదా నేను బయటికొచ్చేది!"

"ఈవిడ తాతే కదల్లేదు, మేమెందుకు కదుల్తాం?"

ఈసారి ధాత్రి ఒక్క ముక్క పోకుండా చెప్పింది. ఆయన పేర్ల కాగితం ముందుకు లాక్కున్నాడు. ఆఖరికి, "మరి స్థానం దగ్గర ఏం వెయ్యమంటారు?" అన్నాడు.

డొరొతమ్మ వాకర్ పట్టుకుని లేచి నిలబడింది. "ఏమీ వెయ్యొద్దు. ఖాళీగా వదిలెయ్."

పోయిన వారం బోర్డు పెట్టారు. పేరు పేరు పక్కనా ఒకటనో, రెండనో, ఏడనో అంకె ఉంది. ఆర్చీ పేరు పక్కన ఉత్త ఇత్తడి, తళతళా మెరుస్తూ. శనివారాలు డొరొతమ్మ దాని కిందే వాకర్ ఆపుకుని కూర్చుంటోంది. మొన్న ఓ పిల్ల తల్లి ఆగి అడిగింది, "ఇక్కడ అంకె వెయ్యడం మర్చిపోయారా?" అని.

"మర్చిపోలేదు," అంది డొరొతమ్మ. "ఇలా కూర్చో, చెబుతాను."