పక్క గదిలో కుర్చీ

మా అక్క మీద ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన మెమో జిరాక్సు కాపీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి గానీ అందులో ఒక వాక్యం నేను చూడకుండానే చెప్పగలను. డాక్టరు అనుమతి లేకుండా, తన పరిధి దాటి, సొంత నిర్ణయంతో ఇంజెక్షన్ ఇచ్చినందుకు సిస్టర్‌ను విధుల నుంచి తప్పిస్తున్నామని. చాలా ఏళ్ళు దినపత్రికలో పనిచేశాను. తెలిసీ తెలియకా మేమూ అబద్ధాలు అచ్చువేశాం. ఇంత శుభ్రంగా టైపు చేసిన అబద్ధాన్ని మాత్రం మళ్ళీ చూడలేదు.

మాది తాడేపల్లిగూడెం. నాన్న మిషన్ బడిలో పంతులు. మా చర్చిలో ఆదివారం కూర్చున్న ఆడవాళ్ళలో నర్సులను వేరే లెక్కపెట్టక్కర్లేదు, ప్రతి వరుసలోనూ ఉండేవారు. అక్క కూడా అలాగే నర్సయింది, ఏలూరులో ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరింది. అక్కడ అప్పుడున్న పెద్ద డాక్టరమ్మ గారు ఆమెను మామూలు నర్సులు చెయ్యని పనులకు తయారుచేశారు. కుట్లు వెయ్యడం, చీముగడ్డ కోసి శుభ్రం చెయ్యడం, బీపీ పెరిగిన గర్భిణికి అక్కడికక్కడ ఏం చెయ్యాలో తేల్చడం. కొల్లేటి లంకల్లో ఉండటానికి డాక్టర్లెవరూ ఒప్పుకునేవారు కాదు. అక్కడ ఒక క్లినిక్కు పెట్టి, డాక్టరు లేని రోజుల్లో కూడా నిభాయించగల మనిషిని కూర్చోబెట్టాలని ఆవిడ ఆలోచన.

నేర్పడంలో ఆవిడకో పద్ధతి ఉండేది. మొదట తాను చేస్తుంటే అక్క చూడాలి. తర్వాత అక్క చేస్తుంటే తాను పక్కన నిలబడేవారు. ఆఖరి ఏడాది మాత్రం అక్కను గదిలో వదిలేసి, పక్క గదిలో పేము కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవారు. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది.

"పిలిస్తే వస్తాను, పిలవకపోతే రాను," అనేవారట. "పిలవడానికి సిగ్గుపడ్డావంటే మాత్రం మర్నాడే నిన్ను వార్డుకు పంపేస్తానమ్మాయ్."

లంకలో క్లినిక్కు తెరిచినప్పుడు ఏలూరు నుంచి దోనెలో వెళ్ళిన మొదటి సామాను ఆ పేము కుర్చీయే. ఆవిడ రిటైరయ్యేదాకా వారం వారం వెళ్ళి అందులో కూర్చున్నారు.

ఆవిడ తర్వాత వచ్చిన డాక్టరు చెడ్డ వైద్యుడేమీ కాదు. ఆపరేషన్ చెయ్యడంలో మంచి చెయ్యి అని పేరు. కానీ ఆయనకు నీళ్ళంటే భయం. ఎండాకాలంలో చేపల చెరువుల గట్ల మీద లంకదాకా జీపు పోయేది. వానలు మొదలై కొల్లేరు పొంగితే ఆ దారి మునిగిపోయేది, ఇక దోనె తప్ప మార్గం లేదు. ఆయన రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ ఎండాకాలమే. ఆ తర్వాత, "అవసరమైతే ఫోన్ చెయ్యి సిస్టర్, నేనున్నాను కదా," అన్నాడు.

పై డాక్టరు నెలకోసారి వచ్చి అక్క పని చూసి విజిట్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని ఆసుపత్రి నియమం. ఆయన రాడు గనక, నెలాఖరున మందుల పట్టీతోపాటు ఆ పుస్తకాన్నే దోనెలో పెట్టి ఏలూరు పంపేవారు. డాక్టరు విజిట్‌కు రావడం మాని, పుస్తకమే విజిట్‌కు వెళ్ళి వచ్చేది. పంపింది అక్కే. "సంతకం లేకపోతే మందులు వచ్చేవి కాదురా," అని తర్వాత నాతో అంది. ఆ సంగతికి తనను తాను ఎప్పుడూ క్షమించుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. లంకలో సెల్‌ఫోన్ అందేది కాదు. చేపల ఏజెంటు షెడ్డులో ఒక ల్యాండ్‌లైన్ ఉండేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఒక గర్భిణిని మంచం మీద మోసుకొచ్చారు. తొమ్మిదో నెల, బీపీ బాగా పెరిగి ఫిట్స్ వస్తున్నాయి. ఏం ఇంజెక్షన్ ఇవ్వాలో అక్కకు తెలుసు, ఇవ్వడం వచ్చు, మందు కూడా అల్మారాలో ఉంది. కానీ అది డాక్టరు చెప్తేనే ఇవ్వాల్సిన మందు. పరుగెత్తి ఫోన్ చేసింది. "ఇచ్చెయ్యి, ఇచ్చి పంపించు," అన్నాడు ఆయన. ఇచ్చింది. దోనెలో రేవుకు, అక్కడినుంచి జీపులో ఏలూరు తీసుకెళ్ళింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. అక్క ఫోన్ చేసేటప్పటికే బిడ్డ గుండె వినపడలేదు.

ఆ ఇంటివాళ్ళు పలుకుబడి ఉన్నవాళ్ళు. అంత పెద్ద మందు ఒక నర్సు చేత ఎవరిప్పించారని ట్రస్టు కమిటీని నిలదీశారు. కమిటీ డాక్టరును అడిగింది. "నాకు ఫోనే రాలేదండీ," అన్నాడాయన. లోకల్ కాల్ గనక బిల్లులో నంబరు పడదు. ఏజెంటును పిలిచి అడిగితే, "సిస్టరు గారి మాటలు విన్నానండి. అవతలాయన ఏమన్నారో నాకెలా తెలుస్తుందండి?" అన్నాడు. నిజమే చెప్పాడు. అలా పుట్టింది ఆ మెమో.

అక్క గూడెం వచ్చేసింది. వారం రోజులు ఇల్లంతా కడిగింది. గోడలు కూడా కడిగింది. అమ్మ చూసి చూసి, "ప్రార్థన చేసుకోవే, మనసు కుదుటపడుతుంది," అంది.

"చేస్తూనే ఉన్నానమ్మా. ఆ డాక్టరు గారు లంకకు రావాలని చేస్తున్నాను."

"ఎందుకే?"

"వస్తే కూర్చోడానికి కుర్చీ ఉంది కదా అని."

నేనప్పుడు ఏలూరులో రిపోర్టర్ని. నాకు ప్రార్థన మీద అంత ఓపిక లేదు. లంకకు వెళ్ళి విజిట్ పుస్తకం తిరగేశాను. అంతకుముందు వానాకాలంలో ఒక తేదీ కింద ఆయన చేతిరాత: జీపులో వచ్చాను, పని చూశాను, తృప్తికరం. ఆ రోజు ఆ దారిలో నేనున్నాను. గట్టు తెగి, జీపు దారి మీద నడుములోతు నీళ్ళు పారుతుంటే దోనె మీద వెళ్ళి వార్త రాశాను. ఆ కటింగు నా ఫైల్లో భద్రంగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. నేను సిగ్గుపడను.

ఒక్క రోజులో వార్త రాసేశాను. ఆయన పేరు, ఆసుపత్రి పేరు, సంతకం ఫోటోతో సహా. డెస్కుకు ఇచ్చేముందు అక్కకు చూపించాను. రెండుసార్లు చదివింది.

"బాగా రాశావు. వెయ్యకు."

"ఎందుకక్కా? నీకు కోపం లేదా?"

"నీ కోపం ఒక్క రోజుదిరా. మర్నాటికి ఆకివీడులో నీ పేపర్లో చేపలు చుట్టి ఇస్తారు. ఆయన సెలవు పెట్టి ఇంకో ఊళ్ళో చేరతాడు. నా ఫైల్లో ఆ వాక్యం అలాగే ఉంటుంది. నాకు కావాల్సింది ఆయన చేత్తో ఆ మాట రాయడం. ఫోన్లో ఇవ్వమన్నది నేనేనని. అది రాసేదాకా ఆయన ఎక్కడికీ పోకూడదు."

ఆ వార్త కాగితాన్నీ, కటింగునీ, పుస్తకాన్నీ తీసుకుని తనే కమిటీ ముందుకు వెళ్ళింది. అది అచ్చులో చూడటం ఇష్టంలేక కమిటీ వాళ్ళు అక్కను వెంటనే పనిలోకి తీసుకున్నారు. మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు, డాక్టరు మాటే ఖాయం చేశారు. పైగా తమ జాగ్రత్త కోసం ఒక ఆర్డరు రాశారు. ఇకమీదట సిస్టర్ ఏ చికిత్స చేసినా డాక్టరు దగ్గరుండగానే చెయ్యాలి. అందుకోసం డాక్టరు ప్రతి గురువారం లంకలో ఉండాలి. చూసిన ప్రతి కేసుకూ టైము వేసి సంతకం పెట్టాలి. అత్యవసరమైతే రేవుకు ఆసుపత్రి జీపు, అందులో డాక్టరు రావాలి.

దాన్ని వాళ్ళు అక్కకు వేసిన సంకెల అనుకున్నారు. అక్క ఆ ఆర్డరుకు స్టాంపు వేసిన కాపీ అడిగి తెచ్చుకుంది. అక్షరం పొల్లుపోకుండా అమలు చేసింది.

మొదటి గురువారానికే జనాన్ని కూడగట్టింది. పుళ్ళకు కట్లు, చెవి పోట్లు, కుట్లు విప్పించుకునేవాళ్ళు, గర్భిణులు. వాన పడుతోంది. ఆయన దోనె అంచు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి విసుగొచ్చింది.

"ఇవన్నీ నువ్వు చేసెయ్యగలవు కదా సిస్టర్."

"చెయ్యగలనండీ. ఆర్డర్లో లేదండీ."

"నేను పక్క గదిలో కూర్చుంటాను, నువ్వు చేస్తూ ఉండు."

"అలాగేనండీ, కుర్చీ వేసే ఉంచాను. ఒక్కొక్కరికీ పిలుస్తానండీ, వచ్చి చూసి సంతకం పెట్టండి."

సాయంత్రందాకా పిలుస్తూనే ఉంది. మధ్యలో రోజుల్లో ప్రమాదమైన కేసు వస్తే మాత్రం గురువారం కోసం ఆపేది కాదు. దోనె ఎక్కించి తనూ కూర్చునేది. రేవులో జీపుతో ఆయన నిలబడి ఉండాల్సి వచ్చేది. నొప్పి పడే మనిషిని అడ్డం పెట్టుకుని మా అక్క పగ తీర్చుకోలేదు. నేనైతే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

వీలున్న గురువారాల్లో నేనూ వెళ్ళేవాణ్ణి. వార్త కోసం కాదు, చూడటం కోసం. దోనె నడిపే ముసలాయన నన్ను చూడగానే నవ్వేవాడు.

"ఆయ్, డాక్టరు గారు ఇందాకే దిగారండి. గుర్రపుడెక్కలో కాసేపు చిక్కుకున్నామండి."

"రోజూ చిక్కుకోదు కదండీ?"

"గురువారాలు చిక్కుకుంటుందండి మరి," అనేవాడు, దోనె తోసే గెడ మీద గడ్డం ఆనించి.

ఇలా ఏడాది పైన నడిచింది. ఆయన నల్లబడ్డాడు, కాస్త చిక్కాడు. కమిటీకి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడని విన్నాను. ఆర్డరు మార్చాలంటే విజిట్ పుస్తకం సంగతి మళ్ళీ పైకి తియ్యాలి గనక వాళ్ళు కదల్లేదు.

ఒక గురువారం నేనక్కడున్నప్పుడే ఒక చిన్న వయసు గర్భిణిని తీసుకొచ్చారు. ఎనిమిదో నెల, భరించలేని తలనొప్పి, కళ్ళు మసకలు. బల్ల మీద పడుకోబెట్టగానే ఫిట్స్ మొదలయ్యాయి. సరిగ్గా ఆ రోజులాగే. డాక్టరు పక్క గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పిల్లను చూడలేదు, మా అక్కను చూశాడు.

"ఇంజెక్షన్ ఇవ్వు," అన్నాడు.

అక్క అప్పటికే మందు సిరంజిలోకి తీసేసింది. "ఇస్తున్నానండీ. మీరు రాస్తూ ఉండండి."

ఆమె ఎక్కించింది. ఆయన నిలబడే రాశాడు, టైముతో సహా. దోనెలో ఇద్దరూ ఆ పిల్లకు చెరోవైపు కూర్చున్నారు. అక్క దారిపొడుగునా ఆమె మోకాలి కింద తట్టి కాలు కదులుతోందో లేదో చూసింది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టింది. మందు ఎక్కువైతే మొదట ఆగేవి అవే. ఆయన సెలైన్ సీసాను రెండు చేతులా ఎత్తిపట్టుకున్నాడు. అంచు పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఆ రోజు ఏలూరులో ఆపరేషన్ చేసింది ఆయనే. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

తర్వాతి గురువారం ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జనం ఇంకా రాలేదు. నేను వసారాలో ఉన్నాను, మాటలు వినపడుతున్నాయి.

"ఇంకా ఎన్నాళ్ళు సిస్టర్?"

"ఏదండీ?"

"ఇదంతా. నాకంటే నువ్వే బాగా చేస్తావని ఇద్దరికీ తెలుసు."

"అది నేను రాయమనలేదండీ. మీరు అన్నమాట మీరు రాస్తే చాలండీ."

"రాస్తే నాకేమవుతుందో తెలుసా?" అన్నాడు.

"తెలీదండీ. రాయకపోతే నాకేమైందో మీకు తెలుసు కదండీ."

విజిట్ పుస్తకం తెరిచిన చప్పుడయింది. ఆ పాత కేసు తేదీ వేసి, ఫోన్ వచ్చిన మాట నిజమని, ఇంజెక్షన్ ఇవ్వమన్నది తానేనని రాసి సంతకం పెట్టాడు. అక్క చదివి, "టైము వెయ్యలేదండీ," అంది. వేశాడు.

నెల తిరక్కుండా మెమో రద్దు చేస్తూ కాగితం వచ్చింది. తప్పయిందన్న మాట మాత్రం అందులో లేదు. ఆయనకు ఏ శిక్షా పడలేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే.

ఆ రోజు సంతకం పెట్టాక ఆయన తేలికపడ్డట్టు లేచి, "అయితే వచ్చే గురువారం నేను రానక్కర్లేదు కదా," అన్నాడు.

"అయ్యో, అందరికీ రమ్మని చెప్పానండీ. ఆర్డరు అలాగే ఉంది కదండీ," అంది అక్క.

ఇంకా కొన్నేళ్ళు, రిటైరయ్యేదాకా, ఆయన గురువారం గురువారం కొల్లేరు దాటాడు. అక్క చేతి పని అక్క చేసుకునేది, పిలవాల్సినప్పుడే పిలిచేది. ఆయన వచ్చేవాడు. లంకకు జరగాల్సిన మేలు జరిగింది, ఒప్పుకుంటాను. అది ఆయన గొప్ప అని మాత్రం ఎవరూ నాతో అనకండి.

నేను రాసిన పాత వార్త సొరుగులోనే ఉండిపోయింది. ఈమధ్య అక్కను అడిగాను, ఇప్పుడైనా రాయనా అని.

"రాయి. పేర్లు మాత్రం వద్దు."

"పేర్లు లేకపోతే ఎవరికి తగులుతుందక్కా?"

"ఆయనకి. ఎవరండీ ఈ డాక్టరు అని పక్కింటివాళ్ళు అడిగితే, ఆయనే ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా," అంది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

అందుకే ఎక్కడా పేరు రాయలేదు. ఆయన ఏలూరులోనే ఉన్నాడు. ఏది అచ్చయినా వదలకుండా చదువుతాడని విన్నాను. గురువారాలు ఆ పేము కుర్చీలో కూర్చుని పేపరు చదివి చదివి అలవాటైందట.