మీసం పేజీ

జ్ఞానమణత్త భూపేషన్న మీసం కోసిందట. పోయిన వేసవిలో ఈ మాట మా ఊరి నుంచి ఓర్వకల్లు దాకా ఆటోలో పోయి, బస్సులో తిరిగొచ్చింది. తిరిగొచ్చేసరికి అత్త చేతిలో బ్లేడు కాస్తా కొడవలి అయింది. మా సీమలో కాలు విరగ్గొట్టిన తగాదా పంచాయితీతో తీరుతుంది. మీసం తగాదా మనవళ్ల దాకా పోతుంది.

అసలు సంగతి తెలియాలంటే మా అంగన్‌వాడీ ఆయా జ్ఞానమణత్తకున్న ఒకే ఒక్క పిచ్చి తెలియాలి. ఆమెకు ఫ్లెక్సీ కనబడితే కాలు ముందుకు పడదు. జానలు పెట్టి కొలిచి, కట్టేవాళ్లను ఒకటే అడుగుతుంది.

"ఎప్పుడు దించుతారప్పా?"

కట్టేవాడు ఇంకా నిచ్చెన మీదే ఉంటాడు.

పెళ్లి ఫ్లెక్సీకీ ఇదే ప్రశ్న. చర్చిలో క్రిస్మస్ బ్యానర్ కడుతుంటే పాస్టరు గారినీ ఇదే అడిగింది. గోపన్న తాత పోయినప్పుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కింద కూర్చుని మనసారా ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని తాత కొడుకును పిలిచింది.

"శానా మంచి మనిషప్పా. దినం ఎప్పుడు?"

"ఆదివారమత్తా."

"అట్లయితే సోమవారం వస్తాలే."

ఇదంతా అంగన్‌వాడీ పిల్లల పుస్తకాల కోసం. కాగితం పుస్తకం ఇస్తే పిల్లలు ముందు నాకుతారు, తర్వాత నములుతారు. చదివే వంతు వచ్చేసరికి పుస్తకం ఉండదు. ఫ్లెక్సీ అయితే ఎంత నమిలినా చిరగదు. అత్త గిన్నెలతో పాటే పుస్తకాలు కూడా కడిగి తీగ మీద ఆరేస్తుంది. దారిన పోయేవాళ్లకు తువ్వాళ్ల పక్కన ఏదో ఒక నాయకుడి చెవి ఊగుతూ కనబడుతుంది.

నాయకుల చెవులూ ముక్కులూ చేతులూ బ్లేడుతో కోసి, ఇంకో ముక్క వెనక తెల్లని వైపు అంటిస్తుంది. దబ్బనంలోకి పురికొసను ఒక్క పోటుకే దూర్చి పేజీలన్నీ కలిపి కుడుతుంది. బొమ్మ కింద పేరు రాయడం మాత్రం నా పని.

"నా చెయ్యి వణుకుతాది పాపా, నువ్వు రాయి" అంటుంది. అని ఊరుకోకుండా, గాలికి వేపాకు ఊగినట్టు చెయ్యి ఊపి చూపిస్తుంది.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. పొలానికీ ఇంటికీ తప్ప నలుగురిలోకి పోవాలంటే భయం. సాయంత్రం ఆ పెన్ను పట్టుకునే కాసేపే నాకు బడి.

అన్ని పేజీలూ కుదిరాయి కానీ మీసం కుదరలేదు. ఇప్పటి కుర్ర నాయకులందరికీ గడ్డాలే. మీసం విడిగా దొరకదు. మా ఊరి నాయకుల్లో ఒక్క భూపేషన్నకే గడ్డం లేని మీసం, అదీ కొసలు మెలితిప్పింది. ఆయన పుట్టినరోజు అయిపోయాక, ఆయన మనిషి ఓబులేసే ఫ్లెక్సీ చుట్టచుట్టి తెచ్చిచ్చాడు. రెండు రోజులకు తీగ మీద మీసం ఒంటరిగా ఊగుతూ ఎవరి కంటనో పడింది. ఇంకేముంది!

ఒకనాడు పిల్లల అన్నం వేళకు భూపేషన్న జీపు వచ్చి వాకిట్లో ఆగింది. వెనకే ఓబులేసు దిగాడు. నేను తలుపు వెనక దూరాను. పుస్తకాలు పట్టుకుపోతే పిల్లల చదువుతో పాటు నా కాస్త బడీ పోతుంది. నా భయమంతా అదే.

"ఏమమ్మా, నా మీసం కోసినావంట?"

"కోసినానప్పా" అంది అత్త, పప్పన్నం కలుపుతూనే.

"చూస్తివా అన్నా, ఎంత ధైర్యమో!" అన్నాడు ఓబులేసు.

"తెచ్చిచ్చింది నువ్వే గదప్పా?"

ఓబులేసు జీపు టైరులో గాలి ఉందో లేదో చూడ్డానికి పోయాడు.

అత్త చెయ్యి కడుక్కుని పుస్తకం తెచ్చింది. "మీసాన్ని కోయలేదు నాయనా, మీసం చుట్టూరా కోసినా. యాడన్నా దెబ్బ తగిలిందేమో నువ్వే చూసుకో."

భూపేషన్న పేజీని తిప్పి తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ తన మీసం కూడా ఒకసారి తడుముకున్నాడు. రెండూ క్షేమమే. ఈలోగా పిల్లలు చుట్టూ మూగారు. పేజీ మీద వేలు పెట్టి "మీ...సం!" అన్నారు. అదే వేలు పైకెత్తి ఆయన మొహం చూపించి "మీసం!" అని అరిచారు. ఒక బుడ్డది పప్పు చేత్తోనే అందుకోబోయింది.

నవ్వు కనబడకుండా ఆయన మీసం దువ్వుకున్నాడు. అయినా నవ్వు ఆగలేదు.

"ఈ అచ్చు మాదిరి రాత ఎవురిది?"

"నాది కాదప్పా, నా చెయ్యి వణుకుతాది. తలుపు ఎనక ఉండాదే, ఆ పాపది."

"ఏం పాపా, ఈ గోడ మీద గూడా రాస్తావా? రంగులు నేను పంపిస్తా."

నేను తలూపాను. తలుపు వెనక తల ఊపితే ఎవరికి కనబడుతుంది?

"రాస్తాదంట" అంది అత్త.

జీపు కదిలాక ఆమె వెంటబడి కేకేసింది. "అప్పా, వచ్చే పుట్టినరోజుకు కొంచెం పక్కకు తిరిగి ఫోటో దిగు! ముక్కు సరిగ్గా రాల్యా!"

ఇప్పుడు అంగన్‌వాడీ గోడ నిండా నా అక్షరాలే. కొడవలి కథ మాత్రం ఇంకా బస్సులో తిరుగుతూనే ఉంది. నేను ఆ మీసం పేజీని అప్పుడప్పుడూ తీసి చూస్తుంటాను. మెలితిప్పిన కొసల్లో దారప్పోగుల్లాంటి వెంట్రుకలున్నాయి. బ్లేడు ప్రతి వెంట్రుక చుట్టూ తిరిగి వచ్చింది. ఒక్కటీ తెగలేదు.

జ్ఞానమణత్త చెయ్యి వణకదు.