అప్పలాచారి గీటురాయి

లక్కోజు అప్పలాచారి నోట అబద్ధం రాదని రంగూన్‌లో ఓడరేవు కూలీల నుంచి వడ్డీవ్యాపారం చేసే చెట్టియార్ల దాకా ఒప్పుకునేవారు. బంగారం విషయంలో మాత్రమే. అందుకే, తెల్లవాళ్లతో పోరాడే సైన్యం ఖర్చుల కోసం ఆజాద్ హింద్ బ్యాంకు తెరిచిన ఏడాది, విరాళంగా వచ్చే నగలు పరీక్షించే పీట ఆయనకే వేశారు. దేశం ఇంకా చేతికి రాలేదు గానీ దేశానికి బ్యాంకు వచ్చింది, బ్యాంకుకు కంసాలి కూడా వచ్చాడు.

నగను నల్లరాయి మీద గట్టిగా గీసి, గీత మీద ద్రావకం చుక్క వేసేవాడు. గీత నిలిస్తే బంగారం, పోతే కాదు. మొహమాటం లేదు. బియ్యం మిల్లు యజమాని తెచ్చిన గొలుసును నలుగురిలో "ఇది పూత బాబూ" అని వెనక్కి నెట్టాడు. ఆ పెద్దమనిషి మళ్లీ ఆ వీధిలోకి రాలేదు.

ఒక శుక్రవారం ఆ వరసలో ఆచారి భార్య నూకాలు నిలబడింది. చేతులకు మురుగులున్నాయి. బాంబులు పడ్డ ఏడాది కొట్టు మూతపడితే, మెరుగు పెడతానని ఆమె మురుగులు తీసుకుని అమ్మేశాడు. అచ్చం అలాంటివే రాగితో చేసి, పూత వేసి తొడిగాడు. ఆ పూటకి ఇల్లు గడిచింది. చెప్పడం మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

"ఇంటికి పద. తరవాత సూద్దాం" అని గొణిగాడు.

"అందరివీ సూత్తన్నావు కదా, నావీ సూడు" అంది నూకాలు, మురుగులు తీసి ముందు పెడుతూ.

పైపైన గీస్తే రాయికి పూతే అంటుతుంది, గీత నిలుస్తుంది, పరువూ నిలుస్తుంది. ఆచారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందరి నగల్లాగే గట్టిగా గీశాడు. చుక్క వేశాడు. గీత పోయింది.

"వన్నె ఎంత రాయమంటావు ఆచారీ?" అన్నాడు గుమాస్తా శివనేశన్.

"రాగి. సేసింది నానే. అసలువి అమ్మేసినాను."

సిగ్గుతో తలెత్తలేకపోయాడు. వెనకాల ఎవరో "తల్లి బంగారమైనా కంసాలి కాజెయ్యక..." అని సామెత ఎత్తుకుని, నూకాలు ముఖం చూసి దగ్గులోకి దింపాడు.

నూకాలు మణికట్టు చూపించింది. చుట్టూ పచ్చటి మరక. "రెండేళ్లుగా సింతపండెట్టి తోముకుంతన్నాను. నాకు తెలీదనుకున్నావేటి? నీ నోటంట ఇనాలనే తెచ్చినాను." గుమాస్తా వైపు తిరిగింది. "రాగి మురుగులు రెండని రాయి బాబూ. తూటాలకి పనికొస్తాయి."

శివనేశన్ అలాగే రాసి రసీదు ఇచ్చాడు.

మరుసటి ఏడు తెల్లవాళ్లు తిరిగొచ్చారు. బ్యాంకు మూతపడింది. దాని కాగితం ఇంట్లో దొరికితే ముప్పని అందరూ పొయ్యిలో వేశారు. నువ్వూ కాల్చెయ్యమని ఆచారి బతిమాలాడు.

"ఉండనీ," అంది నూకాలు, రసీదు మడిచి బియ్యం డబ్బా అడుక్కి తోస్తూ. "పెళ్లయ్యాక నువ్వు నాకు సెప్పిన నిజం ఇదొక్కటే."