నాన్న బేరమాడిన నొప్పి

మొన్న మోకాలి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక, కట్టు మార్చడానికి వచ్చిన నర్సమ్మాయి నొప్పి పదికి ఎంత ఉందండీ అని అడిగితే ఆలోచించకుండా నాలుగు అనేశాను. నిజానికి ఏడు ఉంటుంది. వంకాయల ధర పూర్తిగా వినకముందే సగానికి అడిగే నోరు నాది, నొప్పి దగ్గర మాత్రం ఊరుకుంటుందా? ఆ అమ్మాయి వెళ్ళాక నాలో నేనే నవ్వుకుని నాన్నని తలుచుకున్నాను. ఈ విద్య ఆయన పెట్టిన భిక్షే.

బెజవాడ వన్‌టౌన్‌లో నాన్నకి చీరల కొట్టు ఉండేది. తెల్లటి పరుపుల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, చీర మీద చీర విప్పించి, చివరికి ఏదీ నచ్చనట్టు లేచి గుమ్మం దాకా వెళ్ళి, పిలుస్తారని తెలిసి ఆగిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ పిలిచే గొంతుల మధ్య పెరిగినదాన్ని నేను. మొదటి మాట ఎప్పుడూ నిజం కాకూడదు, కావలసిన సరుకుని నోరారా మెచ్చుకోకూడదు అన్నవి మాకు ఎక్కాల కంటే ముందు వచ్చాయి. మంగళగిరి నేతగాడు ఎంత మంచి చీర తెచ్చినా నాన్న మూతి విరిచేవారు. ఆ మూతితోనే ఇంటికొచ్చి అమ్మ వంటకీ వంక పెట్టేవారు.

అలాంటి మనిషికి కాన్సర్ వచ్చి వెన్నెముకలోకి పాకింది. నయమయ్యే దశ దాటిందనీ, ఇక చూడవలసింది నొప్పినేననీ చెప్పి, ఆ వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. పామర్రు వైపు రైతుల ఇంటి పిల్ల. నొప్పి పదికి ఎంతని ఆవిడ అడిగిన ప్రతిసారీ నాన్న తడుముకోకుండా మూడు అనేవారు. ఆవిడ మూడుకి తగిన బిళ్ళలే రాసేది. ఇంట్లోనేమో పక్క మీద ఒత్తిగిల్లలేక తువ్వాలు పళ్ళ మధ్య బిగించుకునేవారు. అన్నం మానేశారు, మాటలూ మానేశారు. నిజం చెప్పి చావొచ్చుగా అని అమ్మ ఏడిస్తే, ఇప్పుడే పది అనేస్తే రేపు ఎక్కువైతే ఏం చెప్పుకోవాలే అన్నారు.

అసలు భయం వేరే ఉంది. మార్ఫిన్ అంటే నల్లమందు నుంచి వచ్చేదనీ, అలవాటైపోతుందనీ, అది రాశారంటే ఇక పాడె కట్టుకోవడమేననీ కొట్టు వీధిలో చెప్పుకునేవారు. మంచి సరుకుని పెళ్ళిళ్ళ రోజులకి అట్టేపెట్టే జాతి కదా మాది, మంచి మందుని కూడా చివరికి దాచుకోవడమే తెలివనుకున్నాం.

ఒకరోజు అమ్మా నేనూ పక్కనుండగానే, ఆవిడ గదిలో నాన్న కుర్చీలోంచి లేవబోయి, మాట రాక బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయారు. ఇప్పుడెంతండీ అంది డాక్టరమ్మ. నాన్న ఊపిరి కూడదీసుకుని, "మూడున్నర వేసుకోమ్మా," అన్నారు.

ఆవిడ కలం మూసి పక్కన పెట్టింది. "బాబాయిగారూ, చీరలకి మేమూ వన్‌టౌనే వచ్చేవాళ్ళం. మీవాళ్ళు రెట్టింపు చెప్పేవాళ్ళు, మా అమ్మ సగానికి అడిగేది, ఇద్దరూ మధ్యలో కలిసేవాళ్ళు. ఇక్కడ అట్టా కుదరదండీ. మీరు ఎంతంటే నేను అంతకే మందు తూస్తాను."

నాన్న బల్ల అంచు వదిలి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. తర్వాత, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో, "తొమ్మిదమ్మా," అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు డాక్టరమ్మ వివరంగా చెప్పింది. మార్ఫిన్ రోగాన్ని ముట్టుకోదట, నొప్పి కబురు వెన్నులోంచి మెదడుకి పోయే దారిలో కూర్చుని ఆ కబురుని సన్నగిల్లేలా చేస్తుందట. నొప్పి వచ్చాక వెతుక్కోవడం కాదు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి వెయ్యాలి. కొద్దిగా మొదలుపెట్టి తను చూసుకుంటూ పెంచుతుంది. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా తప్పదంది. "అది కొసరా అమ్మా?" అన్నారు నాన్న. "కొసరు కాదండీ, అది పుచ్చుకోకపోతే ఇదీ ఇవ్వను." తోచినట్టు మింగితే మగత ముదిరి ఊపిరి మందగిస్తుంది, కాబట్టి బీరువాలో తాళం వేసి పెట్టాలి, పక్కింటివాళ్ళ నడుంనొప్పికి ఇవ్వకూడదు, ఒక్కసారిగా మానకూడదు. చెప్పినట్టు వాడితే మాత్రం ఇది చావుని తొందరపెట్టదు, ఉన్నన్నాళ్ళూ మనిషిని మనిషిగా ఉంచుతుంది అంది.

అప్పుడు వేసవి. మొదట్లో కొన్నాళ్ళు నాన్న మగతగా పడుకున్నారు. తర్వాత దిండ్లకి ఆనుకుని కూర్చుని పేపరు అడిగారు. చూడ్డానికొచ్చిన నేతగాడు అలవాటుగా ఒక చీర విప్పితే, అంచు తడిమి చాలా బాగుందయ్యా అన్నారు. అతను బిత్తరపోయి, "అయ్యగారికి ఒంట్లో బొత్తిగా బాగాలేదాండీ?" అని నా చెవిలో అడిగాడు. ఆ సాయంత్రమే అమ్మ పెట్టిన పులుసు తిని, నీ చేతివంట నాకు మొదటినుంచీ ఇష్టమే అన్నారు. అమ్మ కసిరింది, ఇన్నాళ్ళూ ఏమైందట అని. కసిరి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వానలు మొదలయ్యేసరికి నాన్న లేరు. నిద్రలోనే, ముఖంలో ముడత లేకుండా పోయారు.

ఇప్పుడు ఆ బిళ్ళలు దొరికే చోట్లు పెరిగాయంటారు, ఆ పేరుకి జడిసే ఇళ్ళు తగ్గాయో లేదో తెలియదు. మన కాలంలో ఓర్చుకోవడమే పెద్దరికం, మనసులో మాట బయటపెట్టకపోవడమే లౌక్యం. ఇప్పటి పిల్లలు నొప్పిని నొప్పనీ, ఇష్టాన్ని ఇష్టమనీ మొదటి మాటలోనే చెప్పేస్తున్నారు. చూసి మురిసిపోతాను, కాస్త అసూయ కూడా పడతాను. నాన్నకి ఆ భాష ఒక్క వేసవికే వచ్చింది. అమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ, తన కాపురం గురించి ఎవరు అడిగినా ఆ వేసవి సంగతే చెప్పేది.