చాచా తాగిన నీళ్లు

జాగాలు అమ్మిపెట్టే చాచాకు ఒక అలవాటుండేది. ఏ జాగకు పోయినా కొలతల కంటె ముందుగాల అక్కడి బావినీళ్లు అడిగేటోడు. చెంబెడు తాగి, మీసం తుడుచుకొని, ఎట్లున్నయో ఉన్నదున్నట్టు చెప్పేటోడు. ఉప్పగున్నయంటే బేరం అక్కడికే ఆగిపోయేది, ఆయన కమీషన్ గూడ పోయేది. అందుకే మహబూబ్‌నగర్‌ల కొనేటోళ్లకు ఆయన మాటే మాట.

తొంభైలల్ల ఒక ఎండకాలం మా బాపు దవాఖానల పడ్డడు. ఊరిచివర మాకున్న జాగా అమ్మకానికి పెట్టినం. ఇల్లు కట్టుకుంటనని కోస్గి నుంచి ఒక సారు వచ్చిండు. నేనే నీళ్లు చేది చాచాకిచ్చిన. మా బావి ఉప్పుదని నాకెరుకే.

చాచా ఒక గుక్క తాగి ఆగిండు. నా దిక్కు చూసిండు.

"బాపుకెట్లుంది బిడ్డా?"

"గట్లనే ఉంది చాచా."

మిగిలిన నీళ్లన్ని ఒక్క దమ్ముల తాగిండు. మీసం తుడుచుకోలేదు.

"మంచిగున్నయి సారూ" అన్నడు.

సారు చెంబు అడగలేదు. చాచా తాగినంక ఇంకెవరు తాగి చూస్తరు?

జాగా అమ్ముడువోయింది. బాపు ఆ నెలల్నే పోయిండు.

మరుసటేడు మేం కిరాయికున్న ఇంటి పక్కజాగా చూపెట్ట చాచా వచ్చిండు. నడినెత్తిన ఎండ, అంగీ చెమటకు తడిసి ఒంటికి అంటుకున్నది. ఆ జాగా ఆమె ఆయన అలవాటు ఎరిగిందే, చెంబుతోని ఎదురొచ్చింది.

"దూప లేదమ్మా" అని చాచా కొలిచే టేపు తీసిండు.